పసిబిడ్డకు మందు పడనప్పుడు: మెడికల్ కోడింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

రోగి చార్టులో డాక్టరు రాసిన జబ్బులకు, వాటి కారణాలకు ప్రామాణిక కోడ్లు వేయడమే మెడికల్ కోడింగ్. పెద్దవాళ్ల చార్టులు ఏళ్ల తరబడి కోడ్ చేసినవాళ్లు కూడా ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్) చార్టు దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. పెద్దవాళ్ల కేసులో మందు ఎవరు వేసుకున్నారన్న సందేహమే రాదు. పసిబిడ్డ కేసులో ముందుగా తేల్చాల్సింది అదే. తల్లి మింగిన మాత్ర బిడ్డకు హాని చేసిందా, బిడ్డకే ఇచ్చిన సూది హాని చేసిందా అన్నది తెలియకుండా ఒక్క కోడ్ కూడా సరిగా పడదు. కింది జవాబుల్లో చాలావరకు ఈ విషయం చుట్టూనే తిరుగుతాయి. కోడ్లు ఎక్కువగా అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల పట్టిక ఐసీడీ-10-సీఎం నుంచి తీసుకున్నాను. డబ్ల్యూహెచ్‌ఓ వారి ఐసీడీ-10లో గానీ, మందుల భద్రతా నివేదికలకు వాడే పదకోశం మెడ్‌డ్రాలో గానీ పద్ధతి వేరుగా ఉన్నచోట ఆ మాట అక్కడే చెప్పాను.

కేసు చేతికి రాగానే మొదట ఏం చూడాలి?

మందు బిడ్డ ఒంట్లోకి ఏ దారిన చేరిందో చూడండి. గర్భంలో ఉండగా మావి ద్వారా చేరి ఉండొచ్చు. కాన్పు సమయంలో తల్లికిచ్చిన మత్తుమందో, నొప్పి తగ్గించే సూదో కారణం కావచ్చు. తల్లిపాలతో వెళ్లి ఉండొచ్చు. లేదా నేరుగా బిడ్డకే ఇచ్చి ఉండొచ్చు. తల్లి నుంచి వచ్చిన మొదటి మూడూ సాధారణంగా పి04 కిందికి వస్తాయి. బిడ్డకు నేరుగా ఇచ్చిన మందు వల్ల కలిగినది పి93 కిందికి వస్తుంది.

ఒకే లక్షణాన్ని మూడు చార్టుల్లో పెట్టి చూద్దాం. పుట్టిన బిడ్డ ఊపిరి మందగించింది. మొదటి చార్టులో, కాన్పుకు కాస్త ముందు తల్లికి పెథిడిన్ సూది ఇచ్చారు, డాక్టరు దాన్నే కారణంగా రాశారు. అది పి04.0. రెండో చార్టులో, తల్లి గర్భిణిగా ఉన్నన్నాళ్లూ నిద్రమాత్రలు వాడింది. అది పి04.17. మూడో చార్టులో, పుట్టుకతో గుండె జబ్బున్న బిడ్డకు డక్టస్ (గుండె దగ్గరి ఒక రక్తనాళం) మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్ ఈ1 ఎక్కించారు, ఊపిరి ఆగింది. ఇది పి93.8. దానితోపాటు ఆ మందుకు సంబంధించిన టి కోడ్ ఉండాలి. మూడు చార్టుల్లోనూ శ్వాస సమస్యకు దాని సొంత కోడ్ విడిగా పడుతుంది. పి93.8 ఒక్కటే వేసి వదిలేస్తే బిడ్డకు ఏదో మందు పడలేదన్న సంగతి మాత్రమే రికార్డులో మిగులుతుంది. ఏ మందు, ఏమైంది అన్న రెండు ముఖ్యమైన సంగతులు పోతాయి.

దుష్ప్రభావానికీ పాయిజనింగ్‌కీ తేడా ఎలా గుర్తుపట్టాలి?

సరైన మందును సరైన మోతాదులో, సరైన పద్ధతిలో ఇచ్చినా హాని జరిగితే అది దుష్ప్రభావం. అప్పుడు బిడ్డకు ఏమైందన్నది ముందు, టి36 నుంచి టి50 లోపలి మందు కోడ్ తర్వాత వస్తుంది. ఆ మందు కోడ్‌లో ఐదో స్థానంలో గానీ ఆరో స్థానంలో గానీ 5 ఉంటుంది. తప్పు మందు, తప్పు మోతాదు, తప్పు దారి అయితే అది పాయిజనింగ్. అప్పుడు వరుస తిరగబడుతుంది: టి కోడ్ ముందు, జరిగిన హాని తర్వాత. పొరపాటున జరిగినదైతే ఆ స్థానంలో 1 వస్తుంది.

పసిబిడ్డల విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. మోతాదు బరువును బట్టి లెక్కగడతారు, బరువు గ్రాముల్లో ఉంటుంది. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పది రెట్లవుతుంది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ అలా పది రెట్లు పడితే మొదటి కోడ్ టి36.5ఎక్స్1ఎ. సరైన మోతాదులోనే ఇచ్చి, రక్తంలో మందు స్థాయిలు చూసుకుంటూ ఉన్నా హాని జరిగితే టి36.5ఎక్స్5ఎ, అదీ రెండో స్థానంలో. చివర్లో మారింది ఒక్క అంకె. కానీ అంకె తప్పుగా పడితే ఆసుపత్రిలో జరిగిన మోతాదు పొరపాటు మందు స్వభావం కింద జమ అయిపోతుంది. ఆ పొరపాటు మళ్లీ జరగకుండా చూడాల్సినవాళ్లకు అది కనబడదు.

ఇంకొకటి. ఎన్‌ఐసీయూలో వాడే మందుల్లో చాలావాటికి లేబుల్ మీద నవజాత శిశువుల ప్రస్తావనే ఉండదు. అంతమాత్రాన అది పాయిజనింగ్ కాదు. డాక్టరు ఆలోచించి రాసి, రాసినట్టే ఇచ్చిన మందు హాని చేస్తే దుష్ప్రభావమే.

డబ్ల్యూహెచ్‌ఓ ఐసీడీ-10 వాడే చోట ఈ టి కోడ్లే వేయాలా?

కాదు. అక్కడ టి36–టి50 పాయిజనింగ్‌కే పరిమితం. సరిగా ఇచ్చిన మందు వల్ల హాని జరిగితే మందును వై40–వై59లో వెతకాలి. అమినోగ్లైకోసైడ్లు (జెంటామైసిన్ వర్గం) వై40.5, క్లోరాంఫెనికాల్ వర్గం వై40.2. అక్కడ పి93కి ఉపవిభాగాలు కూడా లేవు. ఒక పద్ధతికి అలవాటుపడి రెండోదానికి మారినవాళ్లు మొదట తప్పు చేసేది ఇక్కడే.

గ్రే బేబీ సిండ్రోమ్ ఇప్పుడెక్కడుంది? దానికి ఇంకా ప్రత్యేకంగా కోడ్ ఎందుకు?

పి93.0 అనే ఆ కోడ్ వెనక పెద్ద చరిత్ర ఉంది. 1950ల్లో నెలలు నిండని పిల్లలకు ఇన్ఫెక్షన్ రాకుండా క్లోరాంఫెనికాల్ ఇచ్చేవారు. కొందరు బిడ్డలకు పొట్ట ఉబ్బేది, వాంతులయ్యేవి, ఒళ్లు బూడిద రంగుకు తిరిగేది, రక్తపోటు పడిపోయేది, ప్రాణం పోయేది. దానికి ఆ మందే కారణమని 1959లో వైద్య పత్రికల్లో వెలువడింది. పసిబిడ్డ కాలేయానికి ఆ మందును గ్లూక్యురోనిక్ ఆమ్లంతో కలిపి విరిచే శక్తి ఇంకా రాదు, మూత్రపిండాలు కూడా దాన్ని తగినంత బయటికి పంపలేవు. పెద్దవాళ్ల మోతాదును బరువుకు తగ్గట్టు కుదించి ఇస్తే సరిపోతుందన్న నమ్మకం అక్కడ దెబ్బతింది.

క్లోరాంఫెనికాల్ ఇవాళ చాలాచోట్ల అరుదు. పూర్తిగా పోలేదు. చార్టులో ఆ నిర్ధారణ ఉంటే పి93.0, దానితో టి36.2ఎక్స్5ఎ వేయాలి. బిడ్డ రంగు బూడిదగా ఉందని నర్సు రాసినంత మాత్రాన ఈ కోడ్ వేయకూడదు. సెప్సిస్‌లోనూ, గుండె జబ్బుల్లోనూ అదే రంగు కనబడుతుంది. నిర్ధారణ డాక్టరు రాయాలి.

మందు వల్ల వచ్చిన కామెర్లకు పి93.8 వేయొచ్చా?

వేయకూడదు. కామెర్లకు పి58.4 అని వేరే చోటు ఉంది. తల్లి నుంచి వచ్చిన మందు వల్ల అయితే పి58.41, బిడ్డకు ఇచ్చిన మందు వల్ల అయితే పి58.42. చూడండి, ఇక్కడ కూడా విడదీసింది దారిని బట్టే. బిలిరుబిన్ మెదడుకు ఎక్కి కెర్నిక్టెరస్ అని నిర్ధారణ అయితే పి57 కూడా చూడాలి. 1956లో సల్ఫా మందు తీసుకున్న నెలలు నిండని పిల్లల్లో కెర్నిక్టెరస్ ఎక్కువగా కనబడింది. ఆ మందు అల్బుమిన్‌కు అంటుకుని ఉన్న బిలిరుబిన్‌ను తోసేస్తుంది. అందుకే బిలిరుబిన్ అంకె మరీ ఎక్కువగా లేకపోయినా మెదడుకు హాని జరుగుతుంది. ల్యాబ్ రిపోర్టులో అంకె చిన్నదని చార్టులోని మందుల పట్టికను దాటేసి పోవద్దని చెప్పడానికే ఇంత వివరం.

విత్‌డ్రాయల్‌కు పి96.1 ఎప్పుడు, పి96.2 ఎప్పుడు?

తల్లి వాడిన, అలవాటుగా మారే మందులు పుట్టుకతో ఆగిపోయి బిడ్డ వణుకుతూ, ఆపకుండా ఏడుస్తూ, పాలు పట్టకుండా ఉంటే పి96.1. శ్వాసయంత్రం మీద ఉన్న బిడ్డకు రోజుల తరబడి ఫెంటానిల్ ఎక్కించి, తగ్గించేటప్పుడు అవే లక్షణాలు వస్తే పి96.2. శ్వాసయంత్రం మీద ఉన్న ఈ బిడ్డకు పి96.1 వేస్తే, ఏ పాపమూ ఎరగని తల్లి రికార్డుకు మాదకద్రవ్యాల మచ్చ పరోక్షంగా అంటుకుంటుంది. ఈ కోడ్ దగ్గర నేను కొత్తవాళ్లను గట్టిగా ఆపేది అందుకే. పుట్టుక తర్వాత బిడ్డకు ఓపియాయిడ్లు ఇచ్చారా అన్నది మందుల చార్టులో చూడకుండా పి96లో ఏదీ వేయొద్దు.

తల్లి ఓపియాయిడ్లు వాడినా బిడ్డకు విత్‌డ్రాయల్ లేకుండా, వేరే ప్రభావం కనబడిందని డాక్టరు రాస్తే పి04.14 వైపు చూడాలి. అనుమానంతో గమనించి, చివరికి ఏమీ లేదని తేల్చేస్తే జడ్05.

28 రోజులు దాటితే పి కోడ్లు వాడకూడదా?

ఐసీడీ-10-సీఎం ప్రకారం పెరినేటల్ కాలం పుట్టుకకు ముందు మొదలై, పుట్టాక 28వ రోజు వరకు. సమస్య ఆ కాలంలో మొదలైతే ఆ తర్వాత ఎన్నేళ్లు కొనసాగినా 16వ అధ్యాయం కోడ్ (అంటే పి కోడ్) వాడొచ్చు. సమస్యే ఆ తర్వాత మొదలైతే వాడకూడదు.

చిక్కు ఎక్కడంటే, 25 వారాలకే పుట్టిన బిడ్డ 40వ రోజున ఇంకా ఇంక్యుబేటర్‌లోనే ఉంటుంది. ఆ రోజు ఇచ్చిన మందు వల్ల హాని జరిగితే, బిడ్డ చూడడానికి పసికందే అయినా, పి93కి దారి లేదు. హానికి మామూలు అధ్యాయంలోని కోడ్, దాని తర్వాత టి కోడ్ వేయాలి.

భద్రతా నివేదికల దగ్గర లెక్క మారుతుంది. పిల్లలపై మందుల పరిశోధనకు 2017లో వచ్చిన ఐసీహెచ్ ఈ11 ఆర్1 అనే అంతర్జాతీయ మార్గదర్శకం ప్రకారం నెలలు నిండని బిడ్డకు నవజాత దశ, డాక్టర్లు ఇచ్చిన కాన్పు తేదీ దాటాక మరో 27 రోజుల వరకు సాగుతుంది. అంటే పైన చెప్పిన బిడ్డ ఆసుపత్రి కోడింగ్‌లో నవజాత దశ దాటేసింది, పరిశోధన భాషలో ఇంకా నవజాత శిశువే. రెండూ తప్పు కావు. ఏ పని కోసం కోడ్ చేస్తున్నారో గుర్తుంచుకోవాలి. బిడ్డ వయసు ఒక్కటే రాసి ఊరుకోకుండా ఎన్ని వారాలకు పుట్టిందో కూడా రాయాలి. ఐసీడీ-10-సీఎంలో అందుకు పి07 ఉంది. పుట్టినప్పటి బరువు, గర్భ వారాలు రెండూ తెలిస్తే బరువు కోడ్ ముందు వస్తుంది.

చార్టులో ల్యాబ్ విలువ తేడాగా ఉంది, డాక్టరు ఏమీ రాయలేదు. నేను కోడ్ చేయొచ్చా?

చేయకూడదు. పెద్దవాళ్లకూ ఇదే నియమం, కానీ పసిబిడ్డల దగ్గర దీనికి ఇంకా బలమైన కారణం ఉంది. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ రక్తంలోని క్రియాటినిన్ చాలావరకు తల్లిదే. ఆ అంకె చూసి, అమికాసిన్ ఇస్తున్నారు కదా, కిడ్నీ దెబ్బతింది అనుకుంటే లేని జబ్బును బిడ్డకు అంటగట్టినట్టే.

అలాగని చూసీ చూడనట్టు పోవడమూ సరికాదు. డాక్టరుకు క్వెరీ, అంటే వివరణ అడిగే ప్రశ్న, పంపాలి. క్వెరీలో జవాబును నోట్లో పెట్టకూడదు. "ఇది ఇండోమెథాసిన్ వల్లేనా?" అని అడిగితే అది తోవ చూపించినట్టవుతుంది. "మూడో రోజు నుంచి మూత్రం గంటకు ఇంత, క్రియాటినిన్ ఇంత, అదే సమయంలో బిడ్డకు ఇస్తున్న మందులు ఇవి, దీని వైద్యపరమైన ప్రాముఖ్యం, కారణం తెలిస్తే రాయగలరు" అని అడిగితే సరిపోతుంది. డాక్టరు చేతికి తేదీలు, అంకెలు, మందుల పేర్లు పక్కపక్కనే అందితే సగం పని అయిపోయినట్టే. చాలాసార్లు వాళ్లకు తీరికలేక రాయరు తప్ప తెలియక కాదు.

నవజాత శిశువుల విషయంలో అమెరికా మార్గదర్శకాలు ఒక అదనపు వెసులుబాటు ఇచ్చాయి. ఇప్పుడు వైద్యం అక్కర్లేకపోయినా, ముందుముందు అవసరమవుతుందని డాక్టరు రాసిన సమస్యను కూడా కోడ్ చేయొచ్చు. వినికిడి పరీక్ష మళ్లీ చేయించాలని రాసిన బిడ్డ లాంటి కేసుల్లో ఇది పనికొస్తుంది.

ఎరిత్రోమైసిన్ వల్ల పైలోరిక్ స్టెనోసిస్ (జీర్ణాశయం నుంచి బయటికెళ్లే దారి ఇరుకవడం) వచ్చిందని రాశారు. కోడ్ వెతికితే పుట్టుకతో వచ్చినదని చూపిస్తోంది. ఏం చేయాలి?

ఇలాంటి ప్రశ్న అడిగారంటే చార్టు శ్రద్ధగా చదివారని అర్థం. 1999లో అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రంలో కోరింత దగ్గు రాకుండా ఎరిత్రోమైసిన్ ఇచ్చిన పసిపిల్లల్లో పైలోరిక్ స్టెనోసిస్ గుంపుగా బయటపడింది. అప్పటి నుంచి ఈ సంబంధం అందరికీ తెలుసు. కోడింగ్ దగ్గర మాత్రం ఉన్నవి రెండే దారులు. కె31.1 పెద్దవాళ్లది, శిశువులదాన్ని అందులోంచి బయట పెట్టారు. శిశువుల్లో కనబడే ఈ సమస్య క్యూ40.0లోనే ఉంది, దాని శీర్షికలో పుట్టుకతో వచ్చినదని ఉన్నా సరే. కాబట్టి క్యూ40.0 వేసి, డాక్టరు మందుతో సంబంధం రాసి ఉంటే టి36.3ఎక్స్5ఎ తప్పకుండా జోడించాలి. ఆ రెండో కోడ్ లేకపోతే మందు పేరు ఎక్కడా మిగలదు.

తల్లి వాడిన మందు వల్ల అవయవ లోపంతో పుడితే?

క్యూ అధ్యాయం చూడాలి. హైడాంటోయిన్ వల్ల వచ్చే సిండ్రోమ్ క్యూ86.1, వార్ఫరిన్ వల్ల అయితే క్యూ86.2. పి04 అవయవ లోపాలకు కాదు.

జడ్38 ఎక్కడ పడుతుంది?

జడ్38 బిడ్డ పుట్టుకను నమోదు చేసే కోడ్. పుట్టిన ఆసుపత్రిలో, పుట్టిన అడ్మిషన్‌లో, మొదటి కోడ్‌గా ఒక్కసారే. మందు హాని తర్వాతి కోడ్‌గా వస్తుంది. వేరే ఆసుపత్రికి మార్చితే అక్కడ జడ్38 వేయరు. 16వ అధ్యాయం కోడ్లు తల్లి రికార్డులో ఎప్పుడూ వేయకూడదు.

మెడ్‌డ్రాలో ఇదే కేసును ఎలా కోడ్ చేస్తారు?

మెడ్‌డ్రాది వేరే ప్రపంచం. ఐదు అంతస్తుల నిర్మాణం, పైన 27 అవయవ వ్యవస్థల వర్గాలు, ఏటా రెండుసార్లు కొత్త వెర్షన్. అక్కడ మనం ఎంచుకునేది అట్టడుగున ఉండే ఎల్‌ఎల్‌టీ (లోయెస్ట్ లెవెల్ టర్మ్). సమాచారం ఇచ్చినవారి మాటకు అతి దగ్గరగా ఉన్న పదాన్ని ఎంచుకోవాలి తప్ప మనం రోగనిర్ధారణ చేయకూడదు.

వయసును, సమస్యను కలిపి చెప్పే పదం ఉంటే దాన్నే తీసుకోవాలి. నవజాత కామెర్లకు, నవజాత విత్‌డ్రాయల్ సిండ్రోమ్‌కు అలాంటి పదాలున్నాయి. పసిబిడ్డకు పాంక్రియాటైటిస్ వస్తే అలాంటి పదం దొరకదు. అప్పుడు మామూలు పాంక్రియాటైటిస్ పదమే తీసుకుని, వయసును దాని ఫీల్డులో నింపాలి. తల్లి ద్వారా మందు చేరిన కేసుల్లో హాని పదంతోపాటు, గర్భంలో ఉండగా చేరిందో తల్లిపాల ద్వారా చేరిందో చెప్పే పదాన్ని కూడా జోడించాలి. దీన్ని మరిచిపోతే, ఆ తర్వాత ఎవరైనా డేటాబేస్‌లో తల్లిపాల ద్వారా మందు చేరిన కేసులు వెతికినప్పుడు ఈ బిడ్డ దొరకదు.

నివేదిక తల్లి పేరు మీదా, బిడ్డ పేరు మీదా?

హాని జరిగింది ఎవరికో చూడండి. భద్రతా నివేదికలు పంపే ప్రామాణిక నమూనా ఈ2బీ ఆర్3 ప్రకారం తల్లి ద్వారా మందు చేరి బిడ్డకు హాని జరిగితే రోగి బిడ్డే. తల్లి వివరాలు తల్లిదండ్రుల విభాగంలోకి వెళ్తాయి. బిడ్డకు మందు చేరిన దారి మావి ద్వారానో పాల ద్వారానో అని రాస్తారు, తల్లి ఏ దారిన తీసుకుందో దాని ఫీల్డు వేరు. ఇద్దరికీ హాని జరిగితే రెండు నివేదికలు పంపి, ఒకదాని నంబరు మరోదానిలో పెట్టి కలపాలి. గర్భస్రావమైతే తల్లి నివేదిక ఒక్కటే. బిడ్డకు మందు చేరినా ఏ హానీ లేకపోతే బిడ్డ పేరు మీద నివేదిక అక్కర్లేదు.

మందే కారణమని తేల్చడం కోడర్ పనా?

కాదు. కానీ ఆ అంచనా ఎలా జరుగుతుందో తెలిస్తే చార్టులో ఏం వెతకాలో తెలుస్తుంది. 1981 నుంచి వాడుకలో ఉన్న నరాంజో స్కేలు పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినది. ఇంతకుముందు ఈ మందు వేసుకున్నప్పుడు ఇలాగే అయిందా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. పుట్టి మూడు రోజులైన బిడ్డకు ఇంతకుముందు అన్నదే లేదు. మందు మళ్లీ ఇచ్చి చూశారా అన్న ప్రశ్నకూ ఎన్‌ఐసీయూలో జవాబు దొరకడం కష్టం. అందుకే స్కోరు తక్కువ వచ్చినంత మాత్రాన మందు నిర్దోషి అని అనుకోవద్దు.

తీవ్రత విషయంలో పరిస్థితి మెరుగైంది. నవజాత శిశువుల కోసమే తయారుచేసిన తీవ్రత స్కేలు 2019లో వచ్చింది. తరచుగా కనబడే 35 సమస్యలకు ఒకటి నుంచి ఐదు వరకు గ్రేడులు ఇచ్చింది. పెద్దవాళ్ల స్కేళ్లు రోజువారీ పనులు చేసుకోగలరా అని అడుగుతాయి. పసిబిడ్డకు రోజువారీ పని అంటే పాలు తాగడం, ఊపిరి తీయడం, నిద్రపోవడమే.

బిడ్డ ఎలాగూ ఆసుపత్రిలోనే ఉంది. ఆసుపత్రిలో చేరడం అనే సీరియస్‌నెస్ ప్రమాణం ఎలా వర్తిస్తుంది?

చేరడం కాదు, బస పొడిగింపు చూడాలి. డిశ్చార్జి తేదీ జరిగిందని గానీ, శ్వాసయంత్రం మళ్లీ పెట్టారని గానీ నోట్సులో ఉంటే దాన్ని పట్టుకోండి. ప్రాణాపాయం, వైద్యపరంగా ముఖ్యమైనది అన్న ప్రమాణాలు విడిగా ఉండనే ఉన్నాయి.

మందులో కలిపిన ఇతర పదార్థాల వల్ల హాని జరిగితే?

దీనికి నిండుగా జవాబు చెప్పాలనిపిస్తుంది, ఎందుకంటే పసిబిడ్డల విషయంలో ఘోరమైన సంఘటనల్లో కొన్ని ఇక్కడే జరిగాయి. ట్యూబులు కడిగే సెలైన్‌లో నిల్వ కోసం కలిపిన బెంజైల్ ఆల్కహాల్ వల్ల నెలలు నిండని పిల్లలు ఎగశ్వాసతో ప్రాణాలు కోల్పోయారని 1982లో బయటపడింది. అక్కడ అసలు మందు దోషం ఏమీ లేదు. 1984లో నరం ద్వారా ఇచ్చే ఒక విటమిన్ ఈ ద్రావణాన్ని పిల్లల మరణాల తర్వాత వెనక్కి తీసుకున్నారు. అందులో కలిపిన పాలీసార్బేట్ల మీదే అనుమానం పడింది. 2011లో లోపినావిర్, రిటోనావిర్ అనే హెచ్‌ఐవీ మందులు కలిసిన సిరప్‌పై అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అందులోని ఆల్కహాల్‌ను, ప్రొపైలీన్ గ్లైకాల్‌ను పసిబిడ్డల శరీరం విరవలేదు.

కోడ్ మందు పేరుకే ఉంటుంది, సీసాలోని మిగతా ద్రవ్యాలకు సాధారణంగా చోటుండదు. అందుకని కథనంలో రాయాలి. బ్రాండ్, తయారీ రూపం, గాఢత, బ్యాచ్ నంబరు, దేనిలో కలిపి ఇచ్చారు అన్నవి నివేదికలో నింపండి. మందుల పట్టికలో జెనరిక్ పేరొక్కటే ఉంటే ఫార్మసీని అడగండి.

టీకా తర్వాత వచ్చిన సమస్యకు?

ఐసీడీ-10-సీఎంలో హెపటైటిస్ బీ లాంటి వైరల్ టీకాలకు టి50.బి95ఎ, బీసీజీ లాంటి బ్యాక్టీరియా టీకాలకు టి50.ఎ95ఎ. జరిగిన సమస్య ముందు, ఇవి తర్వాత. టీకా తర్వాతి ఘటనలను నివేదించే వ్యవస్థ చాలా దేశాల్లో విడిగా ఉంటుంది, అక్కడికీ పంపాలి.

నరం నుంచి మందు బయటికి కారి చర్మం కాలితే?

కాల్షియం ద్రావణాలతో ఇది తరచుగా జరుగుతుంది. కణజాలాన్ని కాల్చే మందు కారిందని డాక్టరు రాస్తే టి80.818 చూడండి. దీన్ని పి93లో వేయకండి.

డిశ్చార్జి అయిపోయాక నెలలకు వినికిడి లోపం బయటపడితే పాత మందుతో ముడిపెట్టొచ్చా?

డాక్టరు ముడిపెడితే పెట్టొచ్చు. అమినోగ్లైకోసైడ్ల వల్ల చెవుడు వచ్చిందని రాస్తే హెచ్91.0 కింద ఏ చెవికో చూసి వేయాలి, రెండు చెవులకైతే హెచ్91.03. ఆ తర్వాత టి36.5ఎక్స్5 వస్తుంది. ఏడో అక్షరం, దుష్ప్రభావానికే వైద్యం నడుస్తుంటే ఎ, కోలుకునే దశలో చూపించుకోవడానికి వస్తే డి, శాశ్వతంగా మిగిలిన హానికి ఎస్. కొందరు పిల్లల్లో మైటోకాండ్రియాలోని 1555ఎ>జి అనే జన్యు మార్పు ఉంటే, మందు స్థాయిలు హద్దులో ఉన్నా చెవి దెబ్బతింటుంది. ఆ మార్పు తల్లి నుంచి వస్తుంది, కాబట్టి తోబుట్టువులకూ ఉండే అవకాశం ఉంది. జన్యు పరీక్ష ఫలితం చార్టులో ఉంటే దాన్ని నివేదికలో పరీక్షల విభాగంలో తప్పకుండా ఎక్కించండి. ఎన్‌ఐసీయూ రోజుల మందుల చార్టు దొరక్కపోతే, ఏ మందు, ఎన్ని రోజులు, ఎంత మోతాదు అన్నది పాత ఆసుపత్రి నుంచి తెప్పించుకున్నాకే కేసు మూయండి.